మా అమ్మ బేరమాడిన ఓడ

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని పెద్దలమాట. మా సత్తెనపల్లిలో బళ్ళకు ఎన్నడూ కొదవలేదు. నా చిన్నతనంలో పత్తి బోరాలూ మిరపకాయ టిక్కీలూ వేసుకుని గుంటూరు దారి పట్టిన బళ్ళ వరస చూస్తూ నిలబడి, బడికి ఆలస్యంగా పోయి దెబ్బలు తిన్న రోజులున్నాయి. ఆ బళ్ళు ఇప్పుడు ట్రాక్టర్లయినాయి, లారీలయినాయిగాని ఓడలు మాత్రం కాలేదు. సముద్రం చూడాలంటే మేము గుంటూరు మీదుగా బాపట్ల పోయి, సూర్యలంక ఒడ్డున నిలబడవలసిందే. అలాంటి ఊళ్ళో కాపరం చేసిన మా అమ్మ డెబ్బయి రెండో ఏట "ఓడెక్కాలిరా అబ్బాయ్" అన్నదంటే, దాని వెనక ఒక కథ ఉంది.

కథ మా నాన్నది. ఒక సంవత్సరం ఆయన పత్తి లారీ వెంట విశాఖపట్నం వెళ్ళారు. పని చూసుకుని రేవు దగ్గరికి వెళితే అక్కడ అండమాన్ ఓడ ఆగి ఉన్నదట. విశాఖ నుంచి పోర్టుబ్లెయిరుకు మనుషుల్ని చేరవేసే ఓడ. ఇంటికి వచ్చి నెల్లాళ్ళపాటు ఆ ఓడ సంగతే చెప్పారు. "ఈసారి కాయ అమ్మగానే నిన్ను ఓడ ఎక్కిస్తా" అని అమ్మకు మాట ఇచ్చారు.

ఆ ఏడు ధర పడిపోయింది. మరుసటి ఏడు తెగులు వచ్చింది. ఆపై ఏడు పంటా ఉంది, ధరా ఉంది, నాకు ఎం.ఏ.లో సీటూ వచ్చింది. 2016లో నాన్న పోయిన తరవాత ఆయన చిట్టాపుస్తకాలు సర్దుతుంటే ఆ సంవత్సరపు పేజీ కనపడింది. "ఓడకు" అని రాసి, ఎదురుగా అంకె వేసి, ఆ అంకె మీద అడ్డగీత కొట్టి, పక్కన "అబ్బాయి చదువు" అని రాసుకున్నారు. నేను తెలుగు ఎం.ఏ. చదివానని ఎవరితో చెప్పినా ఆ అడ్డగీత కళ్ళముందు ఆడుతుంది. అంచేత మా ఇంట్లో ఓడ సరదా కాదు, బాకీ.

బాకీ తీర్చాలన్న బుద్ధి నాకు పుట్టడం ఒక యెత్తు, తీర్చడం ఒక యెత్తు అయింది. దానికి కారణం నా బేరాల పిచ్చి. కూరలమ్మి దగ్గర రెండు రూపాయలు తగ్గించేదాకా కదలని మనిషిని. ఓడ టిక్కెట్టు ధర ఇంకా తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది అని చూస్తూ కూచున్నాను. ముందు చిన్న ఓడతో మొదలుపెడదామని 2019లో పాపికొండల ప్రయాణం అనుకున్నాం. ఆ సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు మందం వద్ద రాయల్ వశిష్ఠ అనే బోటు గోదావరిలో మునిగి యాభై మంది పైగా పోయారు. ఆ తరవాత కొన్నాళ్ళు మా ఇంట్లో పడవ అన్న మాటే వినపడలేదు.

2020 జనవరిలో ఒక ఏజెంటు కనపడ్డాడు. ఏ ఊరివాడో, ఏ పేరువాడో మీకు అనవసరం. "మాస్టారూ, వేసవిలో ఓడ, సగం ధర, ఇవాళే ఆఖరు" అన్నాడు. సగం ధర అనేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. 10,000 రూపాయలు బయానా ఇచ్చి, చిన్న చీటీ ముక్క పుచ్చుకుని ఇంటికి వచ్చాను. తరవాతి నెలలోనే జపానులో యొకొహామా రేవు దగ్గర డైమండ్ ప్రిన్సెస్ అనే విహారనౌకను కోవిడ్ మూలంగా ఆపేశారు. 3,700 మందికి పైగా జనం ఉన్న ఆ ఓడలో 700 మందికి పైగా జబ్బు సోకింది. మార్చి వెళ్ళేసరికి ప్రపంచంలో విహారనౌకలు దాదాపు అన్నీ ఆగిపోయినాయి. నా చీటీ ముక్కమీద నా పేరూ, 10,000 అంకే తప్ప ఇంకేమీ లేదు. ఓడ ఆగితే డబ్బు తిరిగివస్తుందా, తేదీ మారుతుందా అన్న ముక్క ఎక్కడా లేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య అంటారు. నా ఏజెంటు ఏరు దాటకముందే బోడిమల్లయ్య అయిపోయినాడు.

అమ్మ ఏమీ అనలేదు. ఆ చీటీని ఇటూ అటూ తిప్పిచూసి, "కాటా చీటీకి ఉన్నపాటి రాత కూడా లేదేందిరా దీనికి?" అన్నది. అంతే.

ఆ ప్రశ్న నన్ను మోటుపల్లి దాకా నడిపించింది. ఎలాగంటారా? 2022 మొదట్లో కాలేజీలో శాసనాల పాఠం చెపుతున్నాను. చెప్పుకుంటూపోతూ కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి శాసనం దగ్గర ఆగాను. ఇరవై ఏళ్ళుగా చెపుతున్న పాఠమే. కాని ఆ రోజు అది ఓడ టిక్కెట్టు షరతుల్లాగా వినపడ్డది. ఆ ఆదివారం మా ఆవిడనీ, అమ్మనీ, మా అమ్మాయినీ కారులో ఎక్కించుకుని గుంటూరు, చీరాల మీదుగా మోటుపల్లికి తీసుకుపోయాను.

చినగంజాం మండలంలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విభజించినప్పుడు మా సత్తెనపల్లి పల్నాడు జిల్లాలోకీ, మోటుపల్లి బాపట్ల జిల్లాలోకీ వెళ్ళినాయి. ఒకప్పుడు ఈ ఊరు ఓడలకు పుట్టిల్లు. వెనీసు యాత్రికుడు మార్కోపోలో తన పుస్తకంలో ముత్ఫిలి అని రాసిన రాజ్యం ఈ రేవు పేరుమీదదే. అక్కడ నేసే గుడ్డల సన్నదనాన్ని అతడు తెగ మెచ్చుకున్నాడు. ఇవాళ అక్కడ ఓడ నీడ కూడా లేదు. ఇసక, సరుగుడు చెట్లు, గాలి. ఊళ్ళో వీరభద్రస్వామి గుడి ఉంది. ఆ గుడి దగ్గరి స్తంభం మీద చెక్కించినదే 1244-45 నాటి అభయశాసనం.

అందులోని సంగతి అమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పాను. అంతకుముందు రాజులు, గాలివానకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్ళు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల సొత్తు ముట్టబోమనీ, న్యాయమైన సుంకం మాత్రం పుచ్చుకుంటామనీ గణపతిదేవుడు అభయం ఇచ్చాడు. ముప్ఫయింటికి ఒకటి చొప్పున సుంకం అని లెక్క కూడా కట్టి చెక్కించాడు. తరవాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా ఇదే ఊళ్ళో వర్తకులకు ఇటువంటి అభయమే ఇచ్చాడు.

అమ్మ రాతిమీద వేళ్ళు పెట్టి తడిమింది. "చూశావా, తుపాను వస్తే సరుకెవరిదో ముందే రాసిచ్చాడు. మొత్తం ఎంత పుచ్చుకునేదీ రాసిచ్చాడు. నీ ఏజెంటు ఈ రెండూ చెప్పలా. నువ్వూ అడగలా" అన్నది.

ఇరవై ఏళ్ళ నా పాఠం ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. ఓడవాళ్ళు పిలిచే ధరను బట్టి బేరం మంచిదో చెడ్డదో తెలియదు. ఆఖరుకు మొత్తం ఎంతవుతుంది, గాలివాన వస్తే నా గతి ఏమిటి, ఈ రెండూ కాగితం మీద ఉంటేనే అది బేరం.

ఆ జూన్‌లో పత్రికల్లో వార్త వచ్చింది. కార్డీలియా కంపెనీవారి ఎంప్రెస్ అనే విహారనౌక చెన్నై నుంచీ విశాఖపట్నం నుంచీ నడవబోతున్నది. 1990లో ఫ్రాన్సులోని సాంనజేర్ ఓడల కార్ఖానాలో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో కట్టిన ఓడ అది. 48,000 టన్నుల పైచిలుకు, 210 మీటర్ల పొడుగు. చెన్నైలో ఎక్కితే రెండు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్ళీ చెన్నైకే తెచ్చి దించుతుంది.

"ఏ ఊరు పోయిద్దిరా?" అన్నది అమ్మ.

"ఏ ఊరూ పోదమ్మా. సముద్రంలోకి పోయి వెనక్కి వస్తుంది."

"అయితే రంగులరాట్నమన్నమాట. మంచిదే, రేవులో దిగి ఆటోలవాళ్ళతో పోట్లాడే పని లేదు."

మా ఆవిడ భయం వేరు. "అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ ఓడల్లో మెట్లెక్కగలరా అండీ?" అన్నది. నేను అలవాటు ప్రకారం, "తొందరేముంది, ఇంకో రెండు నెలలాగితే ధర తగ్గుతుంది" అన్నాను. అమ్మ నావంక చూసి, "మీ నాయన కూడా ఇదే మాట అనేవాడు" అన్నది. ఆ మాటతో నా నోరు మూతపడ్డది.

ఆ సాయంత్రం వరండాలో మా ఓడ బేరం మొదలయింది. మా అమ్మాయి ఫోనులో వెతుకుతుంది, నేను కాగితం మీద రాస్తాను, అమ్మ అడుగుతుంది. మిరపకాయలు అమ్మే ఇంట్లో పుట్టిన మనిషికి పిలిచిన ధర వేరు, చేతికొచ్చే పైకం వేరు అని తెలుసు. కమీషను పోవాలి, హమాలీ పోవాలి, తేమ ఉన్నదని తరుగు తీయాలి, తాలుకాయ విడిగా ఏరాలి. ఓడ టిక్కెట్టులో ఇదే లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ పిలిచిన ధరలో నుంచి తీసివేతలైతే, ఇక్కడ పిలిచిన ధరమీద కూడికలు.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండేది ఒక్క మనిషికి ధర. అదికూడా ఒక గదిలో ఇద్దరుంటే. ఒంటరిగా పోయేవాడు గది మొత్తానికి, అంటే దాదాపు రెండు టిక్కెట్లకు, డబ్బు కట్టవలసి వస్తుంది. ధరమీద రేవు రుసుము, ఓడ పనివాళ్ళకిచ్చే సేవారుసుము, జి.ఎస్.టి. కలుస్తాయి. మేము ముందు చూసిన ఒక ప్రకటనలో అన్నీ కలిపేసరికి పిలిచిన ధరకు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. అందుచేత రెండు కంపెనీల ధరలు పోల్చాలంటే ఆఖరి అంకెతో ఆఖరి అంకెనే పోల్చాలి.

ఇక గదులు. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. తరవాత కిటికీ గది. ఆపైన వసారా ఉన్న గది. అన్నిటికీ మించి దొరలుండే పెద్ద గదులు. భోజనం, ఆటపాటలు, పైడెక్కు మీద గాలి మాత్రం అన్ని గదులవాళ్ళకూ ఒక్కటే. రాత్రి నిద్రకు తప్ప గదికి రాని కుర్రవాళ్ళు లోపలి గది తీసుకోవడమే తెలివైన పని. నేను కూడా అదే తీసుకుందామన్నాను.

"సముద్రం కనపడని ఓడ దేనికిరా? చీకటి కొట్లో పడుకోవాలంటే మన పత్తికొట్టు లేదూ?" అన్నది అమ్మ. అస్తమానం డెక్కుమీదికి ఎక్కలేని మనిషికి కిటికీ విలాసం కాదు. అక్కడ డబ్బు పెట్టవలసిందేనని తేలింది.

పెట్టినదాన్ని మరోచోట మిగిల్చాం. రెండు గదులు తీసుకునే బదులు నలుగురూ ఒక్క గదిలో సర్దుకుంటే మూడో మనిషికీ, నాలుగో మనిషికీ టిక్కెట్టు బాగా తగ్గుతుంది. కుటుంబాలకు ఇంతకన్నా పెద్ద లాభం ఇంకెక్కడా లేదు. కాకపోతే అటువంటి గదుల్లో రెండు పడకలు కింద, రెండు రైలు బెర్తుల్లాగా పైన ఉంటాయి. పైవి నాకూ మా అమ్మాయికీ రాసిపెట్టారు. శని ఆదివారాల బదులు పనిరోజుల్లో బయలుదేరే తేదీ చూస్తే ఇంకొంత తగ్గింది. సెలవులు, పండగలు, కొత్త సంవత్సరం వచ్చినప్పుడు ఓడల ధర కూడా మల్లెపూల ధరలాగే లేస్తుంది.

అప్పుడు అమ్మ ఫోను పట్టుకున్నది. అవతల కంపెనీ ఆఫీసు అమ్మాయి. నేను పక్కనుంచి "ధర తగ్గించమను" అని సైగలు చేస్తున్నాను.

"అమ్మాయ్, ధర సంగతి తరవాత. నాకు కింద పరుపు కావాల. ఖాయంగా ఇస్తావా? ఓడ ఎక్కేటప్పుడు చక్రాల కుర్చీ ఉండిద్దా? దానికి డబ్బులా, ఊరికేనా? లిఫ్టు దగ్గర గది ఉందా? గాలివాన వచ్చి ఓడ కదలకపోతే మా డబ్బేంగాను? మాకే జబ్బుచేసి రాలేకపోతే ఏ తేదీ లోపల చెప్తే ఎంత ఇస్తారు? ఇయ్యన్నీ కాగితం మీద రాసి పంపించు. వచ్చినాక డబ్బు కడతాం."

పావుగంట మాట్లాడింది. ధరలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. కాని కింద పరుపులు, లిఫ్టుకు దగ్గరగా కిటికీ గది, చక్రాల కుర్చీ, అన్నీ రాతలో వచ్చినాయి. మానుకుంటే ఎన్నిరోజుల ముందు ఎంత కోత అన్న పట్టిక కూడా వచ్చింది. పట్టిక చదివి వినిపించమన్నది. బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతూ, ఆఖరికి మొత్తం పోతుంది. "తడిసిన కాయ లెక్క. ఆలస్యమయ్యేకొద్దీ తరుగెక్కువ" అని తల వూపింది. డబ్బు కంపెనీ ఖాతాకే కట్టాం. వచ్చిన బుకింగు నంబరు కంపెనీ లెక్కల్లో ఉన్నదో లేదో మా అమ్మాయి తిరిగి చూసింది. నా 10,000 రూపాయలు నేర్పిన పాఠం అది.

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడి కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆ దేశంలో ఓడప్రయాణాలు మనకు తిరపతి ప్రయాణాలంత మామూలు. ఆ అబ్బాయి చెప్పిన కిటుకులు మన పిల్లల్ని చూడటానికి విదేశాలకు వెళ్ళే తలిదండ్రులకు పనికివస్తాయి కనక రాస్తున్నాను. అక్కడి కంపెనీలు జనవరి నుంచి మార్చి దాకా ఆ ఏటి ప్రయాణాలను జోరుగా అమ్ముతాయి. అప్పుడు కొన్నవారికి గదుల ఎంపిక ఉంటుంది, ఏదో ఒక కొసరు కూడా దొరుకుతుంది. ముందు బయానా మాత్రం కట్టి, మొత్తం కట్టవలసిన గడువుదాకా ధర మీద కన్నువేసి ఉంచాలి. ఈలోగా ధర తగ్గితే మాకూ తగ్గించమని అడగవచ్చు, చాలాచోట్ల తగ్గిస్తారు. గడువు దాటితే అడిగే హక్కు పోతుంది. ఆఖరి వారాల్లో మిగిలిపోయిన గదులు చవకగా పోయేమాట నిజమే. కాని అప్పుడు ఏ గది వస్తే ఆ గదే. విమానం టిక్కెట్టుకు పెట్టే డబ్బుతో ఆ లాభం కాస్తా హరించుకుపోతుంది. రేవు పక్కనే ఇల్లున్నవాళ్ళకే అది పనికివచ్చే బేరం.

ఇంకొక్కటి మా ఊరివాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. గుంటూరు యార్డులో కాయ దించి ఖాళీగా తిరిగిపోయే లారీ సగం కిరాయికే సరుకు వేసుకుంటుంది గదా? ఓడలు కూడా ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలపు సముద్రాల నుంచి చలికాలపు సముద్రాలకు మకాం మారుస్తాయి. అమెరికా నుంచి యూరపుకు, యూరపు నుంచి అమెరికాకు పోయే ఆ ఒంటిదారి ప్రయాణంలో రోజుకు పడే ఖర్చు బాగా తక్కువ. కాకపోతే వరసగా చాలా రోజులు నీళ్ళు తప్ప మరేమీ కనపడవు, తిరుగు విమానం ఖర్చు మనదే.

ఆగస్టులో చెన్నై వెళ్ళాం. బయలుదేరేముందు మా పక్కింటి పెద్దమనిషి "మిరపకాయలవాళ్ళకు ఓడల బేరమేమిటమ్మా?" అని హాస్యమాడాడు. నేను అందుకుని, మిరపకాయ పుట్టింది మన దేశంలో కాదనీ, అది అమెరికా ఖండం సరుకనీ, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడలమీద మనకు వచ్చిందనీ చెప్పాను. అమ్మకు ఆ సంగతి అంతకుముందు తెలియదు. "కాయే ఓడెక్కి వచ్చిందంట. నేనెక్కితే తప్పొచ్చిందా?" అని ఆయనకు జవాబిచ్చి కదిలింది.

రేవులో చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. కాగితం చూపించగానే తెచ్చారు. ఓడ మాత్రం ఓడలాగా లేదు. అంతస్తుల మీద అంతస్తులు పేర్చిన తెల్లటి మేడ. అమ్మ మెడ వెనక్కి వాల్చి పైకి చూసి ఏమీ మాట్లాడలేదు.

బయలుదేరేముందు అందరికీ ప్రాణరక్షణ కవాతు. ఆపద వస్తే ఎక్కడికి చేరాలి, లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలి అన్నది చూపించారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా ఓడ రాతికి కొట్టుకుని ఒరిగి 32 మంది చనిపోయారు. అప్పుడు కొత్తగా ఎక్కినవాళ్ళలో చాలామందికి ఈ కవాతు జరగనేలేదు. ఆ తరవాతనే ఓడ బయలుదేరేముందో, బయలుదేరిన వెంటనేనో ఇది జరిపితీరాలని నియమం పెట్టారు. కొందరు కుర్రాళ్ళు నవ్వుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. అమ్మ మాత్రం కచ్చులూరు తలచుకున్నదో ఏమో, ప్రతి ముక్కా శ్రద్ధగా విన్నది. అర్థం కానిచోట మనవరాలిని అడిగింది.

ఓడలో డబ్బు చేతులు మారదు. ఒక కార్డు ఇస్తారు. ఏది కొన్నా దానిమీద రాసుకుని ఆఖరున లెక్క చెపుతారు. ఇక్కడే మామూలు సంసారులు బోర్లా పడేది. పెద్ద హాల్లో భోజనాలు టిక్కెట్టులోనివే. కొన్ని ప్రత్యేకమైన హోటళ్ళూ, పానీయాలూ, ఫోటోలూ, ఇంటర్నెట్టూ లెక్కలోనివి. సముద్రం మధ్యలో ఫోను మామూలుగా వదిలేస్తే ఓడ తాలూకు టవరును పట్టుకుని బిల్లు పేలగొడుతుంది. విమానం గుర్తు నొక్కి ఉంచుకోవడం మంచిది. మాకు ఆ బాధ లేకపోయింది. ఏ పళ్ళెం ముందుకొచ్చినా అమ్మ, "ఇది లెక్కలోదా, ఊరకిచ్చేదా?" అని అడిగిందాకా ముట్టలేదు. వడ్డించే కుర్రాడు మణిపురివాడో ఎక్కడివాడో, తెలుగు ముక్క రాదు. అయినా రెండోరోజుకు ఆవిడను చూడగానే "ఫ్రీ, అమ్మా, ఫ్రీ" అనేవాడు.

మొదటిరాత్రి కిటికీలో చీకటి తప్ప ఏమీ లేదు. కిటికీకి పోసిన డబ్బు దండగ అని నాలో బేరగాడు గొణిగాడు. తెల్లవారుజామున మెలకువ వచ్చి పైబెర్తు మీదనుంచి కిందికి చూశాను. అమ్మ అప్పటికే లేచి కిటికీ దగ్గర కూచుని ఉంది. ఇంట్లో కూడా ఆవిడ లేచేవేళ అదే. నీళ్ళు ముందు బూడిద రంగులో ఉండి, తరవాత పండుమిరప రంగుకు తిరిగి, అంచున సూర్యుడు తేలాడు. ఎటు చూసినా గట్టు లేదు.

"మీ నాయన చెప్పింది నిజమేరా. నేను సగం కోతలనుకున్నా" అన్నది వెనక్కి తిరగకుండానే.

నేను ఏమీ అనలేకపోయాను. అప్పటికి మా ఆవిడ కూడా లేచి ఉంది. తనూ ఏమీ అనలేదు.

రెండోరోజు సాయంత్రం ఒక బల్ల దగ్గర ఒక అమ్మాయి వచ్చే ప్రయాణాలకు పేర్లు రాసుకుంటున్నది. ఓడలమీద ఇదొక ఆచారం. మనసు నిండుగా ఉన్నప్పుడే మరో ప్రయాణం అమ్మడమన్నమాట. విదేశాల్లో పెద్ద కంపెనీలైతే ఇలా రాయించుకున్నవారికి బయానా తగ్గిస్తాయి, ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి కొంత సొమ్ము జమకూడా వేస్తాయి. మళ్ళీ వెళ్ళడం ఖాయమైన వాళ్ళకు అది నిజంగా లాభమే. నాకు ఉత్సాహం పొంగి జేబులో చెయ్యి పెట్టాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపి, మా అమ్మాయి చేత మూడు ప్రశ్నలు అడిగించింది.

"తేదీ మార్చుకోవచ్చా?"

మార్చుకోవచ్చు, ఫలానా గడువులోపల.

"మనిషి మారొచ్చా? నా పేరు తీసేసి ఇంకొకళ్ళ పేరు రాయొచ్చా?"

మా అమ్మాయి ఈ ప్రశ్న అడగటానికి కాస్త తటపటాయించింది. బల్ల దగ్గరి అమ్మాయి మాత్రం మామూలుగానే, అదికూడా కుదురుతుందన్నది.

"అసలు మానుకుంటే బయానా తిరిగిస్తారా?"

ఇవ్వరు.

"అయితే ఇంటికిపోయి చెప్తాంలేమ్మా" అని అమ్మ లేచింది. నడవలోకి వచ్చాక నాతో, "కడుపు నిండినప్పుడు సంతకు పోకూడదురా. ఎక్కాలనుంటే ఇంటికాడ కూచుని, తేదీ చూసుకుని కొను. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని మాత్రం నాకు చెప్పబాక" అన్నది.

ఆ తరవాత 2023 సెప్టెంబరులో విశాఖపట్నం రేవులో విహారనౌకల కోసమని ప్రత్యేకంగా టెర్మినలు ప్రారంభించారు. తెలుగువాళ్ళు చెన్నైదాకా పోకుండా సొంత రేవులోనే ఓడ ఎక్కే రోజులు పెరగాలని నా కోరిక. ఆ రోజున బేరమాడబోయే వాళ్ళకు నా సలహా ఇంతే. ధర దగ్గర కొంచెం వెనకా ముందూ అయినా ఫరవాలేదు. మొత్తం అంకె, మానుకుంటే కోత, పడుకునే చోటు, ఈ మూడూ రాతలో పుచ్చుకోండి. పెద్దవాళ్ళను తీసుకుపోదామనుకున్న ప్రయాణమైతే ధర తగ్గేదాకా ఆగకండి. ఓడ ధర ఎప్పుడైనా తగ్గవచ్చు, వాళ్ళ వయసు తగ్గదు.

ఇంటికి వచ్చిన మర్నాడు నాన్న చిట్టాపుస్తకం తీశాను. ఆ అడ్డగీత కొట్టిన పద్దు కింద, ఆయన సిరాకు దగ్గరగా ఉండే నీలం సిరాతో "ఓడకు" అని రాసి, మేము కట్టిన మొత్తం అంకె వేసి, పక్కన "చెల్లు" అని రాశాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా పట్టుకుని చూసింది.

"తేదీ కూడా వెయ్యరా" అన్నది.